ఆ బాణాలన్నీ నా దగ్గరికే వచ్చాయి

కాగితం మీద ఇంకో గీత గీయబోతూ హిమబిందు పెన్ను ఆపింది. మాదాపూర్‌లో ఆమె పనిచేసే కంపెనీ క్యాంటీన్‌లో, కిటికీ పక్క బల్ల దగ్గర కూర్చున్నాం. భోజనాల వేళ దాటింది. ఆమె ఎడమ ముంజేతికి కట్టు ఉంది. కాగితం నిండా సున్నాలు, ఒక్కో సున్నాలో ఒక్కో మనిషి పేరు, ఎవరి నుంచి ఎవరికి మాట చేరిందో చూపించే బాణం గుర్తులు.

“జంగయ్యకు ఎవరు చెప్పినారు సార్?” అని అడిగింది.

జంగయ్య ఆ కంపెనీ గేటు దగ్గర సెక్యూరిటీ సూపర్‌వైజర్. నేను నోటుబుక్కు తిరగేశాను. సంఘటన జరిగిన రోజు పేజీలో, పదకొండు ఇరవైకి ఎదురుగా, నా రాతలోనే ఉంది: ‘జంగయ్యకు ఫోన్. యాదగిరేనా?’

“నేనే,” అన్నాను.

ఆమె ఖాళీగా ఉన్న మూలలో ఒక సున్నా చుట్టి, అందులో ‘మీరు’ అని రాసి, అక్కడి నుంచి జంగయ్యకు గీత కలిపింది.

అప్పటికి యాదగిరి అనే క్యాబ్ డ్రైవర్ జైలుకు వెళ్లి నాలుగు రోజులు. ఐటీ ఉద్యోగుల బస్సు మీద రాయి విసిరాడని కేసు. ఆ వార్త మా పత్రిక మొదటి పేజీలో నా పేరుతో వచ్చింది. ఐదుగురు ధ్రువీకరించాకే రాశానని నేను నిశ్చింతగా ఉన్నాను. ఆ ఐదుగురికీ ఆ పేరు అందించింది నేనేనని ఆ కాగితం చెప్పింది.

రిపోర్టింగ్‌లోకి కొత్తగా వస్తున్నవాళ్ల కోసం ఇది రాస్తున్నాను. నాకెప్పుడు ప్రమోషన్ వచ్చిందో, ఎవరు శాలువా కప్పారో మీకు అనవసరం. ఈ పనిలో మనిషి ఎలా తప్పు చేస్తాడో, తప్పు చేశాక ఏం చేయవచ్చో మాత్రం చెబుతాను.

పేరు విసిరి చూడటం

నాది తెనాలి దగ్గర. హైదరాబాద్ వచ్చి అప్పటికి ఇరవై ఏళ్లు. మొదట బాలానగర్, జీడిమెట్ల పారిశ్రామికవాడల వార్తలు రాసేవాణ్ని. హైటెక్ సిటీలో అద్దాల భవనాలు లేచాక ఆ ప్రాంతం కూడా నాకే అప్పగించారు. రాళ్లగుట్టల మధ్య రోడ్డు వేస్తున్నప్పటి నుంచి చూసినవాణ్ని కాబట్టి అక్కడ నాకు తెలియని గేటు లేదనుకునేవాణ్ని.

నాకు పని నేర్పింది మా బ్యూరో చీఫ్ ప్రసాద్ గారు. మంచి రిపోర్టర్, మంచి మనిషి కూడా. మాట తీయడంలో ఆయనకు ఒక పద్ధతి ఉండేది. ఎదుటివాణ్ని “ఎవరు చేశారు?” అని అడిగితే “తెలియదు” అంటాడు. అదే “ఫలానా వాడేనటగా?” అని అడిగితే, కాదనైనా అంటాడు, ఔననైనా అంటాడు, లేదా ముఖం మారుతుంది. ఆ ముఖంలో వార్త ఉంటుందని ఆయన అనేవారు. మేం దాన్ని పేరు విసిరి చూడటం అనుకునేవాళ్లం. ఆ పద్ధతితో నేను చాలా వార్తలు తెచ్చాను. అందులో కొన్ని నిజంగా మంచి వార్తలు.

ఆ పద్ధతిలో ఒక లోపం ఉంది. విసిరిన పేరు కింద పడదు. ఎదుటివాడు దాన్ని పట్టుకుంటాడు, ఇంకొకరికి అందిస్తాడు. ఈ సంగతి ప్రసాద్ గారు నాకు చెప్పలేదు. ఆయనకు కూడా తెలియదనుకుంటాను.

రెండో అలవాటు సిండికేట్. దీని గురించి మావాళ్లెవరూ రాయరు గానీ, కొత్తవాళ్లు తెలుసుకోవాలి. ఒకే ప్రాంతం చూసే వేర్వేరు పత్రికల రిపోర్టర్లు సాయంత్రం నాలుగింటికి ఒకచోట చేరి, ఎవరికి దొరికిన వార్త వాళ్లు మిగతావాళ్లకు ఇచ్చేవాళ్లు. ఎవరికీ ఏ వార్తా మిస్ కాకూడదని ఒప్పందం. మాది కొండాపూర్‌లో ఒక ఇరానీ హోటల్. అక్కడ ఒకరు చెప్పింది మర్నాడు ఆరు పత్రికల్లో వచ్చేది. ఆరు పత్రికల్లో వచ్చింది కాబట్టి నిజమేనని చదివినవాళ్లు నమ్మేవాళ్లు. కొన్నాళ్లకు మేమూ నమ్మేవాళ్లం.

రాయి పడిన రోజు

తెలంగాణ ఉద్యమం ఉధృతంగా సాగుతున్న రోజులు. బంద్ పిలుపు వస్తే నగరమంతా ఆగేది. కంపెనీలు మాత్రం ఆగకూడదనుకునేవి. బంద్ రోజు తెల్లవారుజామునే బస్సుల్లో ఉద్యోగుల్ని తెచ్చి లోపల పెట్టుకునేవి, లేదా శనివారం పని చేయించుకునేవి. డ్రైవర్లలో ఎక్కువమంది చుట్టుపక్కల ఊళ్లవాళ్లు, రంగారెడ్డి, మెదక్, నల్లగొండ వాళ్లు. బంద్ నాడు బండి తీసేది లేదని వాళ్లు, తీయకపోతే కాంట్రాక్టు పోతుందని ట్రాన్స్‌పోర్ట్ కాంట్రాక్టరు. ఈ గొడవ ప్రతి బంద్‌కూ ఉండేది.

ఆ గొడవలో గట్టిగా మాట్లాడేవాడు యాదగిరి. చందానగర్‌లో ఉండేవాడు. వారం ముందు అక్కడి దీక్షా శిబిరంలో మైకు తీసుకుని, బంద్ నాడు కంపెనీ బండి ఒక్కటి కూడా కదలొద్దన్నాడు. ఆ మాట నేనే రాసుకుని వార్తలో పెట్టాను. అతని పేరు నా బుర్రలో అలా మిగిలింది.

బంద్ రోజు పొద్దున ఎనిమిదిన్నరకు, మియాపూర్ నుంచి వస్తున్న కంపెనీ బస్సు మీద కొండాపూర్ దాటాక ఒక రాయి పడింది. కిటికీ అద్దం పగిలి హిమబిందు చేతికి గుచ్చుకుంది. ఏడు కుట్లు పడ్డాయి. బస్సు ఆగలేదు. డ్రైవర్ నేరుగా గేటు దాకా తెచ్చేశాడు.

నేను పదకొండు ఇరవైకి జంగయ్యకు ఫోన్ చేశాను. “ఏం జంగయ్యా, రాయి విసిరింది యాదగిరేనా?” అన్నాను. “ఏమో సార్, కావచ్చు,” అన్నాడు. మేం మాట్లాడుకున్నది అంతే.

ఆ పేరే ఎందుకు అడిగానో ఎన్నోసార్లు ఆలోచించాను. గుర్తొచ్చిన పేరు అది, అంతే అని చాలాకాలం చెప్పుకున్నాను. పూర్తి నిజం అది కాదు. ఆ నెలల్లో నేనుండే కాలనీలో ఎవరు ఎటువైపన్న మాట తప్ప ఇంకో మాట లేదు. రిపోర్టర్‌గా నేను ఎటూ కానని నా నమ్మకం. మైకు ముందు యాదగిరి మాట్లాడుతున్నప్పుడు మాత్రం నాకు కొంచెం భయం వేసింది. ఆ భయం నా ప్రశ్నలోకి వచ్చింది.

సాయంత్రానికి ఐదుగురు నాకు ఆ పేరు చెప్పారు. కాంట్రాక్టరు చెప్పాడు. పోలీస్ స్టేషన్‌లో ఎస్సై చెప్పాడు. ఇరానీ హోటల్లో ఇంకో పత్రిక రిపోర్టర్ శ్రీశైలం చెప్పాడు. కంపెనీ హెచ్‌ఆర్ మేనేజర్ చెబుతూ, బస్సులో దెబ్బ తగిలిన అమ్మాయి కళ్లారా చూసిందని కూడా కలిపాడు. చివరికి జంగయ్యే నాకు ఫోన్ చేసి, మీరన్నట్టే యాదగిరేనట సార్ అన్నాడు. అప్పుడైనా ఆ ‘మీరన్నట్టే’ దగ్గర నేను ఆగాల్సింది. ఏడింటికి వార్త పంపాలి. ఆగలేదు.

మూడు వందల అలారాలు

వార్త వచ్చిన మూడో రోజు హిమబిందు ఆఫీసుకు ఫోన్ చేసింది. నన్ను అడిగి లైన్లోకి తీసుకుంది. ప్రొద్దుటూరు అమ్మాయి. మాటలో తొందర లేదు, మెత్తదనమూ లేదు.

“దెబ్బ తగిలిన ఉద్యోగిని అతన్ని చూసిందని రాసినారు. ఆ ఉద్యోగిని నేనే సార్. నేను ఎవర్నీ చూడలేదు. నేను తల వంచుకుని ఫోన్లో మెసేజ్ చూసుకుంటా ఉన్నాను. చూసినానని మీకు ఎవరు చెప్పినారు?”

మీ హెచ్‌ఆర్ అని చెప్పాను. ఆయనకు ఎవరు చెప్పారని అడిగింది. తెలియదన్నాను. “మరి కనుక్కోరా సార్?” అంది.

నేను మర్నాడు వెళ్లాను. క్షమాపణ చెప్పి, ఆమె చెప్పింది రాసుకుని వచ్చేద్దామనుకున్నాను. ఆమె కాగితం తీసింది. ముందు తన పని ఏమిటో చెప్పింది. ఫోన్ కంపెనీల నెట్‌వర్క్‌లో ఎక్కడ చెడిందో కనిపెట్టడం. ఎక్కడో రోడ్డు తవ్వుతూ ఒక కేబుల్ తెంపుతారు. దాని మీద ఆధారపడిన టవర్లన్నీ ఒకేసారి మొత్తుకుంటాయి. కంప్యూటర్ తెర మీద మూడు వందల అలారాలు ఎర్రగా వెలుగుతాయి. కొత్తగా చేరినవాళ్లు మూడు వందల చోట్లకు పరిగెత్తబోతారు.

“అలారాలు మూడు వందలు ఉంటాయి సార్, తప్పులు మూడు వందలు ఉండవు,” అంది. “ఏది దేని మీద ఆధారపడి ఉందో గీతలు గీసుకుంటే, అన్నీ ఒక చోటికి పోతాయి. ఆడ పోయి చూస్తే చాలు.”

నా ఐదుగురికి ఐదు సున్నాలు, యాదగిరికి ఒకటి చుట్టి, ఐదుగురి నుంచీ యాదగిరికి బాణాలు గీసింది. ఒక నియమం పెట్టింది. కళ్లతో చూసి చెప్పినదైతే నిండు గీత, విని చెప్పినదైతే చుక్కల గీత. ఒక్కొక్కరి దగ్గర ఒకటే ప్రశ్న, ఈ మాట నీకు ఎక్కడి నుంచి వచ్చింది? తెలియని చోట నేను అక్కడి నుంచే ఫోన్ చేశాను. ఎస్సైకి కాంట్రాక్టరు ఫిర్యాదులో రాసిచ్చాడు. శ్రీశైలానికి ఎస్సై చెప్పాడు. హెచ్‌ఆర్ మేనేజర్‌కు కాంట్రాక్టరు చెప్పాడు. అమ్మాయి చూసిందన్న మాట ఎక్కడిదంటే, ఎవరో చూసే ఉంటారని కాంట్రాక్టరు అన్నదాన్ని ఆయన అలా అర్థం చేసుకున్నాడు. కాంట్రాక్టరుకు జంగయ్య చెప్పాడు, పేపరాయన అడిగాడంటే ఊరికే అడుగుతాడా అని.

జంగయ్యకు నేను.

పదిహేను నిమిషాలు పట్టిందేమో. పోలీసులు, కంపెనీ, కాంట్రాక్టరు, పత్రికలు, టీవీ స్క్రోలింగులు, అన్నీ కలిసి పెద్ద వ్యవహారంలా కనిపించింది కాగితం మీద ఒక్క ఫోన్ కాల్. నిండు గీత ఒక్కటీ లేదు.

“ఇప్పుడేం చేస్తారు సార్?” అంది హిమబిందు. కాగితం మడిచి నాకిచ్చింది.

గీతల మీద వెనక్కి

ఆఫీసుకు వెళ్లి ప్రసాద్ గారి ముందు కాగితం పెట్టాను. ఆయన కళ్లజోడు పెట్టుకుని చాలాసేపు చూశారు. తర్వాత కాగితాన్ని నావైపు నెట్టారు.

“లోపలి పేజీలో రెండు లైన్లు వేద్దాంలేవయ్యా మూర్తీ. కేసు కోర్టులో తేలుతుంది.”

మొదటి పేజీలో వేయాలన్నాను. ఆ పేరు మొదట అన్నది పోలీసులు కాదు, మా విలేకరేనని అందులో ఉండాలన్నాను. ఆయనకు కోపం వచ్చింది. వార్త అందరూ వేశారు కదా, మనమొక్కళ్లమే తలదించుకోవడం ఏమిటన్నారు.

“అందరికీ ఇచ్చింది నేనేనండి,” అన్నాను.

సవరణ ఏడో పేజీలో వచ్చింది, ఆరు లైన్లు. విలేకరి అన్న మాట ఉంది, నా పేరు లేదు. దానికి నేను ఒప్పుకున్నాను. ఆరోజు ఒప్పుకోకుండా ఉండాల్సింది. మిగతా పత్రికల్లో ఆ ఆరు లైన్లు కూడా రాలేదు. ఇరానీ హోటల్లో శ్రీశైలం నన్ను పక్కకు పిలిచి, “అందర్నీ పరేషాన్ చేస్తున్నవ్ అన్నా,” అన్నాడు. ఆ తర్వాత నేను ఆ బల్ల దగ్గరికి వెళ్లలేదు. కొన్ని వార్తలు మిస్సయ్యాను. డెస్క్ నుంచి చీవాట్లు తిన్నాను. అది పెద్ద నష్టమేమీ కాదు.

ఎస్సై నా కాగితం చూసి నవ్వాడు. “గీతలు గీస్తే కేసు పోతదా సార్?” అన్నాడు. ఆయన అన్నది న్యాయమే. కాగితం సాక్ష్యం కాదు. అందుకని గీతల మీద వెనక్కి నడవాలనుకున్నాను. ఒక్కొక్కరి దగ్గరికి వెళ్లి, నాకు ఫలానావాళ్లు చెప్పారు, నేను చూడలేదు అని రాసి సంతకం చేయమని అడగాలి. మొదటి సంతకం నాదే చేశాను.

కాంట్రాక్టరు తలుపు తీయలేదు. హెచ్‌ఆర్ మేనేజర్ లీగల్ వాళ్లను అడగాలన్నాడు, వాళ్లు ఇప్పటికీ జవాబివ్వలేదు. జంగయ్య రెండు రోజులు తప్పించుకు తిరిగాడు. మూడో రోజు డ్యూటీ దిగే సమయానికి గేటు బయట నిలబడ్డాను.

“సంతకం పెడితే నా నౌకరీ పోతది సార్. మీది పోతదా?” అన్నాడు.

పోదన్నాను. అబద్ధం చెప్పడం ఇష్టం లేకపోయింది. అతను గోడకు ఆనుకున్నాడు. యాదగిరిది తన భార్య వాళ్ల ఊరి పక్క ఊరేనని, పెళ్లిళ్లలో కలుస్తుంటామని అప్పుడు చెప్పాడు. తెలిసినవాడైతే మరి కావచ్చు అని ఎందుకన్నావని అడిగాను.

“మీరు పేపరోల్లు. కాదంటే నన్నెందుకు కాదంటున్నవ్ అంటరు. కావచ్చు అంటే ఇగ అడగరు.”

సంతకం పెట్టాడు. హిమబిందు తనే స్టేషన్‌కు వచ్చి, ఎవర్నీ చూడలేదని వాంగ్మూలం ఇచ్చింది. ఆఫీసులో వద్దన్నారట. సెలవు పెట్టి వచ్చింది.

గీతల్లో లేని మనిషి

స్టేషన్ మెట్ల మీద ఆమె మళ్లీ ఆ కాగితం అడిగింది. చాలాసేపు చూసి, దీంట్లో యాదగిరికి వచ్చే బాణాలే ఉన్నాయి, యాదగిరి నుంచి పోయే బాణం ఒక్కటీ లేదంది. అతను ఏం చెప్పాడో ఎవరూ అడగలేదని దానర్థం. నేనూ అడగలేదు. మొదటి పేజీ వార్తలో నిందితుడి మాట ఒక్క ముక్క లేదని నాకు అప్పటిదాకా తట్టలేదు. పోలీసుల అదుపులో ఉన్నవాడితో మాట్లాడటం కుదరదని మా అందరికీ ఒక సాకు ఉండేది. ఇంట్లో భార్య ఉంది కదా, ఆమెను అడగవచ్చు కదా.

చందానగర్ వెళ్లి ఆమెను అడిగాను. పేరు సుజాత. కిరాయి ఇల్లు, గుమ్మంలోనే నిలబెట్టి మాట్లాడింది.

“ఆ దినం ఆయన బాలానగర్‌ల ఉన్నడు. బండి గేర్లు పడ్తలేవని పొద్దుగాల ఆరింటికే పోయిండు. పోలీసోల్లకు చెప్పిన, ఇన్లే. మీరు గిప్పుడొచ్చిన్రా?”

బాలానగర్‌లో ఆ షెడ్డు నాకు తెలిసిన వీధిలోనే ఉంది. పదేళ్లు ఆ ప్రాంతం వార్తలు రాశాను. మెకానిక్ పేరు ఖాదర్ భాయ్. యాదగిరి పేరు చెప్పగానే చేతులు తుడుచుకుంటూ బయటికి వచ్చాడు. బంద్ కదా, షట్టర్ సగం దించుకుని లోపల పని చేశామని చెప్పాడు. పదింటిదాకా యాదగిరి బండి కిందే ఉన్నాడు.

“నా పక్కన్నే పండుకొని ఉండె సార్. క్లచ్ ప్లేట్ ఇద్దరం కలిసే దించినం.”

ఇన్ని రోజులు ఎందుకు చెప్పలేదని అడిగాను.

“నన్నెవరు అడిగిన్రు?” అన్నాడు.

ఖాదర్ భాయ్ వాంగ్మూలంతో, అతని షెడ్డు ఎదుటి దుకాణం మనిషి మాటతో బెయిల్ వచ్చింది. యాదగిరి పదకొండు రోజులు జైల్లో ఉన్నాడు. కొన్ని నెలల తర్వాత అతని పేరు కేసులోంచి తీసేశారు. హిమబిందు ఆ కాగితం మీద ఖాదర్ భాయ్‌కి ఒక సున్నా చుట్టి, యాదగిరికి నిండు గీత గీసింది. అదొక్కటే నిండు గీత.

గీతలు గీయడం గురించి నేను నేర్చుకున్న పెద్ద సంగతి ఇదే. ఉన్న గీతలు కాదు, లేని గీతలు చూడండి. ఎవరి దగ్గరికి అన్ని బాణాలూ వెళ్లి, ఎవరి దగ్గరి నుంచి ఒక్కటీ రావడం లేదో, మీరు ముందు వెళ్లాల్సింది ఆ ఇంటికి.

టీ కొట్టు యజమాని

పద్ధతి చేతికి రాగానే మనిషికి కొంత పొగరు వస్తుంది. నాకూ వచ్చింది. మరుసటి ఏడు జీడిమెట్లలో ఒక ఫ్యాక్టరీ మూసేస్తున్నారన్న పుకారు లేచింది. కార్మికులు రోడ్డెక్కారు. పుకారు ఎక్కడ పుట్టిందో కనిపెడదామని నలభై మంది దగ్గర అడిగి గీతలు గీశాను. సగానికి పైగా గీతలు గేటు ఎదుటి టీ కొట్టాయన దగ్గర కలిశాయి. మూలం దొరికిందని సంబరపడి, ఆయన్ను పోలీసాఫీసర్‌లా నిలదీశాను.

ఆయన నన్ను కూర్చోబెట్టి టీ ఇచ్చాడు. “గేటు ముందు కొట్టు నాదే సార్. అందరు ఈడ్నే నిలవడి మాట్లాడుకుంటరు. నేను చాయ్ పోస్త,” అన్నాడు.

నిజానికి పుకారు కాదది. ఫ్యాక్టరీ నిజంగానే మూతపడుతోంది. ఆఫీసులో మూసివేత నోటీసు టైపు చేసిన మనిషి తన అన్నకు చెప్పాడు, అన్న కార్మికుడు. నా కాగితంలో ఆ అన్న ఒక మూల చిన్న సున్నా, ఒకే గీత. నేను వాణ్ని పట్టించుకోలేదు. నడుమ ఉన్నవాడల్లా మూలం కాదు. నాలుగు దారులు కలిసే చోట నిలబడ్డవాడికి అందరూ ఎదురవుతారు. బాణం ఏ వైపు తిరిగి ఉందో చూడకుండా గీతలు లెక్కపెడితే టీ పోసేవాణ్ని నేరస్తుణ్ని చేస్తాం.

ఈ పద్ధతిని కంప్యూటర్ మీద రంగురంగుల్లో చేసే కుర్రవాళ్లు ఇప్పుడు మీలో ఉన్నారు. బొమ్మ అందంగా వస్తుంది. అందంగా వచ్చిందని నమ్మకండి. ప్రతి గీత దగ్గరికీ ఒక మనిషి నడిచి వెళ్లి అడిగాడా లేదా అన్నదే లెక్క. నేను చివరిదాకా కాగితం, పెన్సిలే వాడాను. తప్పు గీత చెరిపేయడం సులువు.

పేరు విసిరి చూడటం క్యాంటీన్‌లో ఆ కాగితం చూసిన రోజుతో మానేశాను. “ఏం చూశావు?” అని అడుగుతాను. “తెలియదు” అంటే “తెలియదు” అని రాసుకుంటాను. వార్తలు తగ్గాయి. ప్రసాద్ గారు రిటైరయ్యే రోజు నన్ను పిలిచి, నీ పద్ధతి నిదానం గానీ తప్పు కాదన్నారు. ఆయన పద్ధతి గురించి ఏమీ అనలేదు. నేనూ అడగలేదు.

ఏడో పేజీ

యాదగిరిని కలవడానికి నాకు చాలా రోజులు పట్టింది. బెయిల్ మీద వచ్చాక కాంట్రాక్టరు తిరిగి పనిలోకి తీసుకోలేదు. కంపెనీల గేట్ల దగ్గర అతని ఫొటో ఉందని వేరే కాంట్రాక్టర్లూ తీసుకోలేదు. నీళ్ల ట్యాంకర్ నడుపుతున్నాడని సుజాత చెప్పింది. చందానగర్ మార్కెట్ వెనక ట్యాంకర్ ఆపుకుని ఉండగా వెళ్లాను. ఎవరో చెప్పాను. తెలుసన్నాడు.

చెప్పాల్సింది చెప్పాను. పేరు మొదట నా నోటి నుంచే వచ్చిందని, అందుకు నన్ను క్షమించమని అడిగాను. అతను పైపు చుడుతూ విన్నాడు.

“పేరు ఏసినప్పుడు మొదటి పేజీ సార్. కాదన్నప్పుడు ఏడో పేజీ. మా బస్తీల ఏడో పేజీ ఎవరు చూస్తరు?”

అతను పైపు ఇంకో చుట్టు చుట్టాడు.

“ఒక్కటి అడుగుత. ఆ దినం రోడ్డు మీద వెయ్యి మంది ఉండిరి. నా పేరే ఎందుకు యాదికొచ్చింది మీకు?”

వారం ముందు మైకులో నువ్వు మాట్లాడగా విన్నానని చెప్పాను. అతను పైపు చుట్టడం ఆపాడు.

“అంటే మాట్లాడుడే తప్పన్నట్టు,” అన్నాడు.

కాదని చెప్పబోయాను. అతను ట్యాంకర్ ఎక్కి తలుపు వేసుకున్నాడు. వెళ్లేముందు కిటికీలోంచి, ఆ అమ్మాయి చెయ్యి బాగైందా అని అడిగాడు. బాగైందన్నాను.

రాష్ట్రం వచ్చింది. ఉద్యమ కేసులు చాలావాటిని ఎత్తేశారు. ప్రసాద్ గారు పోయారు. హిమబిందు ఇప్పుడు అదే మాదాపూర్‌లో పెద్ద బృందానికి అధికారి. కొత్తగా చేరినవాళ్లకు మొదటి వారం కాగితం మీదే గీయిస్తుందట. నేను రిటైరయ్యాక ఆమె ఒకసారి ఇంటికి వచ్చి ఆ పాత కాగితం చూపించమంది. మడతల దగ్గర చిరుగుతోందని వెనక తనే ప్లాస్టర్ అంటించింది.

మా పత్రిక పాత సంచికలు ఇప్పుడు ఇంటర్నెట్‌లో ఉన్నాయి. యాదగిరి పేరు కొడితే మొదటి పేజీ వార్త వస్తుంది. సవరణ రాదు, అందులో అతని పేరు బదులు ‘సదరు డ్రైవర్’ అని ఉంది. రెండింటినీ కలపమని రెండుసార్లు ఉత్తరం రాశాను. మూడోది ఈ వారం పంపాను.

ఆ కాగితం అడుగున ‘రాయి’ అని రాసిన ఒక సున్నా ఉంది. హిమబిందు అన్నిటికంటే ముందు గీసింది దాన్నే. దాని దగ్గరికి ఈ రోజుకీ ఒక్క గీత రాలేదు.